కొండల దారిలో చలివేంద్రాలు

దక్షిణాఫ్రికాలో సముద్రతీరాన ఉన్న డర్బన్ నగరం నుంచి కొండల మీది పీటర్‌మారిట్స్‌బర్గ్‌కు రెండు దారులు ఉన్నాయి. తొందరలో ఉన్నవారికి విశాలమైన కొత్త రహదారి ఉంది. కారులో గంట ప్రయాణం. తీరిక ఉన్నవారికి పాత బాట. అది ఒక కొండ ఎక్కి, లోయలోకి దిగి, ఊపిరి తీసుకునేలోగా మరో కొండ నెత్తికెక్కుతుంది. కౌయీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచాంగా, పాలీ షార్ట్స్ అని ఐదు పెద్ద కొండలకు పేర్లున్నాయి. పేరు లేని ఎత్తుపల్లాలు ఎన్నో. సగం దూరం వెళ్లేసరికి కుడివైపున ‘వేయి కొండల లోయ’ కనిపిస్తుంది. ఎవరు లెక్కపెట్టారో గాని ఆ సంఖ్యలో అతిశయోక్తి ఉందనిపించదు.

ఆంగ్ల సాహిత్యం చదువుకున్న నాకు పీటర్‌మారిట్స్‌బర్గ్ అంటే నవలాకారుడు ఆలన్ పేటన్ పుట్టిన ఊరు. 1893 జూన్ 7 రాత్రి గాంధీగారిని రైలు నుంచి దింపివేసిన స్టేషను కూడా అక్కడిదే. అయితే నన్ను ఆ పాత బాటకు రప్పించినవి ఈ రెండూ కావు. అనువాదానికి వచ్చిన ఒక వైద్యవిషయక వ్యాసంలో ‘హైపోనెట్రీమియా’ అన్న మాట తగిలింది. రక్తంలో సోడియం ప్రమాణం తగ్గిపోవడం అని దాని అర్థం. ఆ మాట వెంట వెళ్లగా వెళ్లగా ఈ కొండలు వచ్చాయి.

ఏటా అక్కడి శీతకాలంలో, సాధారణంగా జూన్ నెలలో, వేలాదిమంది ఈ దారిన సుమారు 90 కిలోమీటర్లు పరుగెత్తుతారు. ఆ పందెం పేరు కామ్రేడ్స్ మారథాన్. మన వైపు కామ్రేడ్ అనగానే ఎర్రజెండా గుర్తుకు వస్తుంది. ఇక్కడి కామ్రేడ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో నేలకొరిగిన సైనికులు. వారి స్మృతికి విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు 1921 మే 24న ఈ పందెం ప్రారంభించాడు. ఆనాడు 34 మంది బయలుదేరితే 16 మంది గమ్యం చేరారు. నల్లవారికీ భారతీయులకూ స్త్రీలకూ అధికారికంగా ప్రవేశం దొరకడానికి 1975 వరకు పట్టింది.

ఈ నేల మనకు బొత్తిగా పరాయిది కాదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను డర్బన్ రేవులో దింపింది. ఆ తరువాత చెరకు తోటలలో పనికి వచ్చినవారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. 1931లో వారు డర్బన్‌లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. నాకు దారి చూపిన పెద్దమనిషి ఆ కూలీల మునిమనుమడే. తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. కాని ఆ నాలుగింటిలో ‘అమ్మా’ ఒకటి కావడం వల్ల దారి పొడుగునా నన్ను అలాగే పిలిచారు. పందెంనాడు దారి పక్క బల్లల దగ్గర నిలబడి పరుగెత్తేవారికి నీళ్లు అందించే స్వచ్ఛంద సేవకులలో ఆయన ఒకరు.

“చిన్నప్పుడు మాకు చెప్పింది ఒక్కటేనమ్మా. ఎవరినీ వట్టి చేతులతో పోనివ్వకండి, తాగు తాగు అని కేకలు వేయండి అనేవారు. ఇప్పుడు మేము చేయి చాపి నిలబడతాం. కావాలన్నవారే తీసుకుంటారు” అన్నారాయన.

ఎండాకాలంలో చలివేంద్రం పెట్టడం పుణ్యకార్యమని నమ్మే దేశం నుంచి వచ్చిన నాకు ఈ మాట మింగుడుపడడానికి కొంత సేపు పట్టింది. దాహం తీర్చే చేతిని ఎందుకు వెనక్కు లాగవలసి వచ్చింది?

1920లలో ఈ పందెం ఐదుసార్లు గెలిచిన ఆర్థర్ న్యూటన్ కాలంలో పరుగువీరులు దారిలో బహు కొద్దిగా తాగేవారు. ఎక్కువ తాగడం బలహీనత అనుకొనేవారు. 1969లో గాలి తిరిగింది. జొహాన్నెస్‌బర్గ్ బంగారు గనుల వేడిలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలిస్తూ వచ్చిన విండమ్, స్ట్రైడమ్ అనే శాస్త్రజ్ఞులు, మారథాన్‌లో నీరు చాలినంత తాగకపోవడం ప్రమాదకరమని దక్షిణాఫ్రికా వైద్య పత్రికలో వ్యాసం ప్రకటించారు. వారి హెచ్చరికలో సత్యం లేకపోలేదు. కాని అది చేతులు మారుతూ దాహం వేయకముందే తాగాలి, పట్టినంత తాగాలి అనే ఉపదేశంగా మారింది. దారి పక్క నీటి బల్లలు పెరిగాయి.

1981లో ఒక స్త్రీ ఈ పందెంలో సుమారు 70 కిలోమీటర్లు పరుగెత్తింది. దారిలో ఎదురువచ్చిన భర్తను ఆమె పోల్చుకోలేకపోయింది. ఆయన ఆమెను పందెం నుంచి తప్పించాడు. ఒంట్లో నీరు ఇంకిపోయిందని భావించి నరంలోకి ద్రవం ఎక్కించారు. పరిస్థితి మెరుగుపడకపోగా మూర్ఛలు వచ్చి స్పృహ తప్పింది. ఆసుపత్రిలో రక్తం పరీక్షిస్తే సోడియం 115 ఉంది. లీటరు రక్తద్రవంలో 135 నుంచి 145 మిల్లీమోళ్లు ఉండవలసింది. ఆమె బ్రతికి, తనకు ఏమైందో చెప్పమని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని డాక్టర్ టిమొతీ నోక్స్‌కు ఉత్తరం వ్రాసింది. నోక్స్ స్వయంగా ఈ దారిన పరుగెత్తినవాడు. అటువంటి మరికొన్ని ఉదంతాలు చేర్చి, ఇది నీరు ఎక్కువైనందువల్ల కలిగిన అనర్థం కావచ్చునని 1985లో ఆయన బృందం ప్రకటించింది. ఆహార నియమాల విషయంలో నోక్స్ తరువాత చేసిన వాదాలన్నిటినీ వైద్యలోకం అంగీకరించలేదు. ఈ విషయంలో మాత్రం కాలం ఆయన పక్షానే నిలిచింది.

ఒంట్లో ఏమి జరుగుతుందో చూడండి. చెమట ద్వారా ఉప్పు పోతుంది, నిజమే. కాని అసలు కారణం అది కాదు. మామూలు వేళల్లో అధికంగా తాగిన నీటిని మూత్రపిండాలు బయటికి పంపివేస్తాయి. దీర్ఘశ్రమలో, వాంతులు వచ్చినప్పుడు, నొప్పితో బాధపడేటప్పుడు నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోను ఊరుతూనే ఉంటుంది. తాగిన నీరు లోపలే నిలుస్తుంది, రక్తం పలచబడుతుంది, నీరు కణాలలోకి చొరబడుతుంది. చేతివేళ్లు ఉబ్బితే ఉంగరం బిగుసుకుంటుంది, అంతే. మెదడు ఉబ్బితే దానికి జాగా లేదు; చుట్టూ కపాలం.

సందేహం మిగిలినవారికి 1988 నాటి పందెం జవాబు చెప్పింది. సోడియం తగ్గి ఆసుపత్రి పాలైన ఎనిమిది మంది కోలుకునేటప్పుడు విసర్జించిన మూత్రాన్ని పరిశోధకులు కొలిచారు. ఒక్కొక్కరి ఒంట్లో లీటరుకు పైనుంచి దాదాపు ఆరు లీటర్ల దాకా అదనపు నీరు ఉన్నట్లు తేలింది. ఉప్పు నష్టం మాత్రం ఆరోగ్యంగా పందెం ముగించినవారికంటే ఎక్కువ లేదు. కనుక ఉప్పుబిళ్లలు మింగి కడవల కొద్దీ తాగడం రక్షణ కాదు. బజారులో అమ్మే క్రీడాపానీయాలలోనూ సోడియం రక్తంలో ఉన్నదానిలో ఆరేడో వంతే.

ఇంత తెలిసినా ప్రపంచం వెంటనే చెవిన పెట్టలేదు. నష్టపోయిన చెమటనంతా నీటితో పూరించాలి, లేదా ఓర్చుకోగలిగినంత తాగాలి అని 1996లో అమెరికా క్రీడావైద్య సంస్థ సలహా ఇచ్చింది. 2002లో బోస్టన్ మారథాన్ ముగించినవారిలో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు తగ్గడానికి బదులు పెరిగినవారికే ముప్పు ఎక్కువ అని 2005లో వెలువడిన ఆ పరిశీలన తేల్చింది. 2007లో సలహా మారింది. దాహమే ప్రమాణం అని 2015 నాటి అంతర్జాతీయ నిపుణుల ప్రకటన మరింత స్పష్టం చేసింది.

ఇందులో మనవారికి ఒక మాట చెప్పాలి. మే నెల ఎండలో పొలంలోనో తారు రోడ్డు మీదో పనిచేసేవారికి వడదెబ్బ నిజమైన శత్రువు. దాహంతో ఉన్న కూలీకి నీళ్లూ ఉప్పు మజ్జిగా ఇవ్వవద్దని ఈ పరిశోధన చెప్పడం లేదు. దాహం లేకపోయినా గంటల తరబడి తాగుతూ పోవడమే ఇక్కడి ప్రసక్తి.

చిక్కంతా లక్షణాలలో ఉంది. తలనొప్పి, వికారం, తడబాటు, మతి తప్పడం: నీరు తక్కువైనా ఇవే, ఎక్కువైనా ఇవే. మొదటివాడిని బ్రతికించే సెలైన్ సీసా రెండోవాడిని మరింత ముంచవచ్చు. రక్తంలో సోడియం చూడకుండా ద్రవం ఎక్కించవద్దని నిపుణులు అంటున్నది అందుకే. మెదడు వాచిన లక్షణాలు తీవ్రంగా ఉంటే వైద్యులు 3 శాతం గాఢత గల ఉప్పు ద్రావణాన్ని 100 మిల్లీలీటర్ల చొప్పున నరంలోకి ఇస్తారు. టీ గ్లాసుడు ద్రవం! అంత చిన్న మోతాదుతో మనిషి కళ్లు తెరవడం చూసినవారు ఉన్నారు.

పాలీ షార్ట్స్ దగ్గర కారు ఆపించాను. డర్బన్ నుంచి పైకి వచ్చేవారికి ఇది చివరి పెద్ద కొండ. ముందువరుసలోని వీరులు దీనిని ఎక్కేది ఉదయమే. వారికి తాగే తీరిక ఉండదు. ముప్పు వెనకబడినవారికి. వారు నెమ్మదిగా నడుస్తారు, తక్కువగా చెమటోడుస్తారు, ప్రతి బల్ల దగ్గరా ఆగుతారు. పన్నెండు గంటలు నిండగానే గమ్యం వద్ద ఒక అధికారి వచ్చేవారికి వీపు చూపి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఆ తరువాత ఒక్క అడుగు వెనకబడినా పతకం లేదు. ఆ చివరి గంటలో వచ్చేవారిని తాను ముఖం చూసి పరీక్షిస్తానని నా మార్గదర్శి చెప్పారు.

“ఏం చూస్తారు?” అని అడిగాను.

“పేరు అడుగుతానమ్మా. చెప్పలేకపోతే నీళ్లివ్వను, డాక్టరును పిలుస్తాను.”