కీమోథెరపీ రోజుల్లో తిండి

ల్యుకేమియాకు ఇచ్చే కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతో పాటు, వేగంగా విభజన చెందే నోటి, పేగుల పొరల్లోని కణాలనూ దెబ్బతీస్తాయి. నోటిపూత, విరేచనాలు అందుకే వస్తాయి.

వికారంగా ఉన్నప్పుడు ఘాటు వాసన లేని తిండి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినడం మేలు. నోరు పూస్తే కారం, పులుపు మాని, చల్లార్చిన రాగిజావ, మెత్తటి పప్పన్నం తీసుకోవచ్చు. విరేచనాలైతే ఓఆర్ఎస్, గంజి తాగాలి. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల మలబద్ధకం వస్తే నీళ్లు, ఉడికించిన కూరగాయలు తోడ్పడతాయి.

తెల్లరక్తకణాలు తగ్గి ఇన్‌ఫెక్షన్ భయం ఉన్నప్పుడు అప్పుడే వండిన భోజనమే క్షేమం. పచ్చి మొలకలు, సగం ఉడికిన గుడ్లు, బయట కోసి అమ్మే పండ్లు వద్దు.

తిండి మందుకు బదులు కాదు, చికిత్సను తట్టుకునే బలం. ఆకు పసర్లు, సప్లిమెంట్లు డాక్టరును అడగకుండా వాడకండి. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.