కొత్త ఒంటిలో పాత మేటడార్

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో అప్పటిదాకా ఫిరంగులు లాగిన ఏఈసీ మేటడార్ ట్రక్కులను కలప వ్యాపారులూ బస్సు కంపెనీలూ కొనుక్కున్నారు. (మన మేటడార్ వ్యానుతో పేరు తప్ప చుట్టరికం లేదు.)

ఆ పాత సైనిక బండిని రంగు చూసి పోల్చుకోబోతే బోల్తా పడ్డట్టే. కొన్ని డిపోల్లో పాత బస్సు భాగాలతో ఏకంగా కొత్త బాడీలే కట్టేశారు. వంగి కింద చూస్తే మాత్రం గుట్టు రట్టవుతుంది: ముందు చక్రాలకూ ఇంజన్ శక్తి అందించే షాఫ్టు, ఛాసిస్‌కు బిగించిన 7 టన్నుల వించి. దుంగలు లాగేవాళ్లు మోజుపడింది ఆ వించి మీదే మరి!

యుద్ధకాలపు కెనడా సైనిక ట్రక్కులను గుర్తుపట్టడానికి ఇంత శ్రమ లేదు. 1941 చివర్లో వచ్చిన క్యాబిన్లలో ముందు అద్దం కింది అంచు లోపలికి వాలి ఉంటుంది, ఎండకు మెరిసి విమానాల కంట పడకుండా. ఆ చప్పిడిముక్కు మొహం ఏ రంగు పూసినా దాగదు.

ఆ కెనడా ట్రక్కు ఫోర్డా, షెవ్రోలేనా? బానెట్ ఎత్తి చూస్తే తెలుస్తుంది. వీ8 అయితే ఫోర్డు, వరసగా ఆరు సిలిండర్లుంటే షెవ్రోలే; మధ్యలో ఎవరూ ఇంజన్ మార్చకపోతేనే సుమా.