ఓపీ హాల్లో కాసేపు

“లోపల ఎన్నో నంబరు నడుస్తోందండీ?”

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో, నెల్లూరు పొగతోటలోనో సాయంత్రం పూట ఏ క్లినిక్ మెట్లెక్కినా ముందు చెవిన పడేది ఈ మాటే. జవాబిచ్చేది కౌంటర్లో అమ్మాయి కాదు, మనకన్నా ముందొచ్చి కూర్చున్న మరో పేషెంటు. “పదకొండు వెళ్లారు. పన్నెండో ఆయన టీ తాగడానికి కిందికి దిగారు. మధ్యలో రిపోర్టుల వాళ్లు ఇద్దరు దూరారు” అని మొత్తం లెక్క అప్పజెబుతారు. మన చీటీ మీదేమో ముప్పై నాలుగు. ఇంకేముంది, కుర్చీ చూసుకుని కూర్చోవడమే.

ఇవాళ ఆ కుర్చీలో గడిచే గంటల గురించి మాట్లాడుకుందాం. ఫీజుల గురించి, మందుల ధరల గురించి ఎక్కడైనా నలుగురూ మాట్లాడతారు. ఈ గంటల గురించి మాత్రం ఎవరూ అడగరు. డాక్టరు దగ్గరికెళ్తే ఆ మాత్రం కూర్చోవాలిగా అని సరిపెట్టుకుంటాం. కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదండీ. ఎంతసేపు కూర్చోవాలో చెప్పరు చూడండి, దానికే నా అభ్యంతరం.

కొంత ఆలస్యం ఎవరూ ఆపలేనిది. సర్జన్ గారి ఆపరేషన్ రెండు గంటల్లో అయిపోతుందనుకుంటే నాలుగు పడుతుంది. ఏ కాన్పూ గడియారం చూసుకుని రాదు. లోపలికెళ్లిన ఒకావిడకి చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చిందనుకోండి, నాలుగు ముక్కల్లో తేల్చేసి పంపే డాక్టరు ఎవరిక్కావాలి? ఆవిడకి అరగంట ఇచ్చిన డాక్టరు కోసం నేను ఇంకో అరగంట కూర్చుంటాను. రేపు ఆ అరగంట నాకే అవసరం కావచ్చు.

ఇవన్నీ పోగా మిగిలే ఆలస్యం ఒకటుంది. అది ఏర్పాటులో లోపం. నాతోపాటు లెక్క వేయండి. నలభై మందికి నంబర్లిచ్చి అందర్నీ సాయంత్రం ఆరింటికే రమ్మంటారు. మనిషికి అయిదు నిమిషాలు వేసుకున్నా నలభయ్యో ఆయన లోపలికెళ్లేసరికి తొమ్మిదింపావు అవుతుంది. ఆయన్ని ఎనిమిదిన్నరకి రమ్మంటే ఎవరి సొమ్ము పోయింది? ఇక డాక్టరు గారే ఏడింటికి వచ్చారంటే నలభై మందికీ తలా ఒక గంట పెరుగుతుంది. ఒక్కరి గంట ఆలస్యానికి హాల్లో నలభై గంటల ఖర్చు. ఆ నలభై మందిలో కూలి మానుకుని వచ్చినవాళ్లుంటారు. పసిబిడ్డని పక్కింటావిడకి అప్పగించి వచ్చిన తల్లి ఉంటుంది. ఆఖరి పల్లెవెలుగు పోతే బస్టాండులోనే తెల్లవార్చాల్సిన పెద్దాయన ఉంటాడు. వాళ్ల గంటకి విలువ లేదని ఎలా అనుకుంటాం?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త బ్రిటన్ ఆసుపత్రుల ఓపీల మీద 1952లోనే పరిశోధన చేసి ఒక పత్రం రాశారు. డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా కూర్చోకూడదని అక్కడా జనాన్ని ముందే పోగేసేవారు. ఆయన సూచించిన పద్ధతి మన ఊళ్లో ఏ కాంపౌండరైనా రేపటి నుంచే పెట్టగలిగేది. మొదట ఇద్దర్ని రమ్మనాలి. ఆ తర్వాత, ఒక పేషెంటుని చూడ్డానికి సగటున ఎంతసేపు పడుతుందో అంత తేడాతో ఒక్కొక్కరికి టైం ఇస్తూ పోవాలి. డాక్టరు గారికి ఖాళీ పెద్దగా పెరగదు, బయటివాళ్ల నిరీక్షణ బాగా తగ్గుతుంది. దీనికి యాప్ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. నంబర్ల పుస్తకంలో పేరుకెదురుగా టైం రాస్తే చాలు. తమ డాక్టరు గారు గంటకి ఎంతమందిని చూస్తారో మన కాంపౌండర్లకి కొట్టినపిండి.

ఒక చిన్న ఊళ్లో పిల్లల డాక్టరు గారి క్లినిక్ చూశాను. కౌంటరు పక్కన తెల్ల బోర్డు, దారంతో కట్టిన మార్కరు. దాని మీద మూడు వరసలు: డాక్టరు గారు 6.40కి వచ్చారు, ఇప్పుడు నడుస్తున్న నంబరు 9, ఒక్కొక్కరికి సుమారు 8 నిమిషాలు. కౌంటర్లో అమ్మాయి ప్రతి పేషెంటూ బయటికి రాగానే చున్నీ కొసతో అంకె చెరిపి కొత్తది రాస్తోంది. మధ్యలో ఫిట్స్ వచ్చిన బాబుని ఎత్తుకొచ్చారు. వెంటనే లోపలికి పంపేసి బోర్డు మీద “అర్జెంటు కేసు, 20 నిమిషాలు ఆలస్యం” అని రాసింది. హాల్లో ఎవరూ నోరెత్తలేదు. పైగా ఇద్దరు తల్లులు లేచి ఆ బాబు వాళ్లమ్మమ్మకి కుర్చీ ఇచ్చారు. పిల్లాడికి ఆకలేస్తోందన్నవాళ్లు ఎదురుగా టిఫిన్ బండి దగ్గరికి వెళ్లి ఇడ్లీ తినిపించుకొచ్చారు. నంబరు పోతుందన్న బెంగ లేదు కాబట్టి వెళ్లగలిగారు. ఎదురుచూపుల మనస్తత్వం మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో ఉన్నదీ ఇదే. ఎంతసేపో తెలియకపోయినా, ఎందుకో చెప్పకపోయినా ఉన్న ఆలస్యం ఇంకా పెద్దదనిపిస్తుందని. ఆ బోర్డు ఖరీదు మహా అయితే కొన్ని వందలు ఉంటుంది.

“ఒక్క నిమిషం సార్, రిపోర్టులు చూపించుకోవడానికే” అని లోపలికి దూరేవాళ్ల మీద హాల్లో అందరికీ కోపమే. అది వాళ్ల తప్పు కాదంటాను. పొద్దున చూపించుకుని, పరీక్షలు చేయించుకుని, మళ్లీ వచ్చినవాళ్లకి వేరే టైం లేకపోతే వాళ్లు తలుపు దగ్గర నిలబడక ఏం చేస్తారు? రిపోర్టులకి చివర అరగంట విడిగా పెట్టాలి. మెడికల్ రెప్‌లకి కూడా అంతే. వాళ్లదీ ఉద్యోగమే, బ్యాగు మోసుకుంటూ ఊరూరూ తిరుగుతారు. కానీ నొప్పితో మెలికలు తిరిగే మనిషి బయట ఉండగా వాళ్లు లోపలికెళ్లడం న్యాయం కాదు.

పెద్దాసుపత్రుల సంగతి వేరు. హైదరాబాదు ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్లకి జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వస్తారు. అక్కడ ముందు చీటీకి ఒక లైను, తర్వాత డాక్టరుకి, పరీక్షలకి, చివరికి మందుల కిటికీకి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులతో మొదలుపెట్టి క్రమంగా చాలా ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్లోనే టోకెన్ తీసుకునే వీలు కల్పించారు. మంచి పనే. దాంతో తగ్గేది చీటీ లైను మాత్రమే. డాక్టరు గది ముందు లైను తగ్గాలంటే డాక్టర్లు పెరగాలి, చిన్నా చితకా జబ్బులకి బస్తీ దవాఖానాలు, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు బాగా పనిచేయాలి. ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇక మన చేతిలో ఉన్నదాని సంగతి. 67 దేశాల్లో డాక్టరు ఒక పేషెంటుతో ఎంతసేపు గడుపుతారో లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వారి పత్రికలో వచ్చింది. స్వీడన్‌లో ఇరవై రెండు నిమిషాలకి పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో రెండు నిమిషాల చుట్టుపక్కల. రెండు గంటలు కూర్చుని ఆ రెండు నిమిషాలూ తడబడితే ఎంత నష్టమో చూడండి. “ఏంటి ప్రాబ్లం?” అనగానే మనం పోయిన నెల పెళ్లిలో తిన్న భోజనం దగ్గర మొదలుపెడతాం. డాక్టరు గారు మందులు రాసేస్తారు. లేచి, తలుపు మీద చెయ్యేసి, వెనక్కి తిరిగి అప్పుడంటాం, “అన్నట్టు సార్, మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టుంటోంది” అని. మొట్టమొదట చెప్పాల్సిన మాట అది! అందుకే హాల్లో కూర్చున్నప్పుడే చీటీ వెనక రాసుకోండి: అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్నది ఏది, ఎన్నాళ్ల నుంచి, ఏం చేస్తే పెరుగుతోంది. వాడుతున్న మందుల పేర్లు గుర్తుండవు కాబట్టి స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి. ఆయుర్వేదం, హోమియో కూడా దాచకండి.

బీపీ చూసేటప్పుడు ఇంకో మాట. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినప్పుడో, నంబరు కోసం మాటామాటా అనుకున్నప్పుడో పట్టీ కట్టించుకుంటే అంకె పెరిగి కనబడుతుంది. అయిదు నిమిషాలు వెనక్కి ఆనుకుని, కాళ్లు నేలకి ఆనించి, మాట్లాడకుండా కూర్చున్నాకే చూడమని సిస్టరుని అడగండి. కాఫీ తాగి అరగంట కాలేదన్నా చెప్పాల్సిందే.

షుగరున్నవాళ్ల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను, కళ్లారా చూశాను కాబట్టి. ఒక రక్తపరీక్షల సెంటరు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఒళ్లో పాత రిపోర్టుల కవరుతో ఒక పెద్దాయన. పరగడుపున రావాలన్నారని ఏమీ తినలేదు, అలవాటు కొద్దీ షుగరు మాత్ర మాత్రం వేసుకుని వచ్చారు. తొమ్మిదిన్నర దాటింది. ఫ్యాను కిందే కూర్చున్నా తువ్వాలుతో తుడిచినకొద్దీ నుదుటి మీద చెమట పోస్తోంది. “అయిపోయింది మామయ్యా, ఇంకో ఇద్దరే” అంటోంది కోడలు. ఆయన ఆమె ముఖంలోకి చూసి “నువ్వెవరమ్మా?” అన్నారు. ఊడుస్తున్న ఆయా ఆ మాట విని చీపురు పక్కన పడేసి, కింద టీ కొట్టుకి పరిగెత్తి చక్కెర తెచ్చి, నీళ్లలో కలిపి గ్లాసు ఆయన పెదవులకి ఆనించింది. పావుగంటకి ఆయన కోడల్ని పేరుపెట్టి పిలిచారు. ఆ హాల్లో అంత చదువుకున్నవాళ్లం ఉన్నాం, విషయం పోల్చుకున్నది ఆ తల్లి ఒక్కతే.

చెమట, వణుకు, గుండెదడ, తికమక: షుగరు పడిపోతోందనడానికి ఇవి గుర్తులు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పదిహేను నిమిషాలు చూడాలి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా డాక్టర్ని కేకేయాలి. పరగడుపు పరీక్ష ఉన్న రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఇన్సులిన్ ఎప్పుడు చేసుకోవాలో ముందే డాక్టరు గారినే అడగండి. పరగడుపంటే ఎనిమిది గంటలు తినకపోతే చాలు, మంచినీళ్లు తాగొచ్చు. రాత్రి ఏడింటికి తినేసి మర్నాడు పదింటిదాకా మాడిపోనక్కర్లేదు. సంచిలో నాలుగు బిస్కట్లు, కొంచెం చక్కెర పెట్టుకోవడం మరిచిపోకండి.

నంబరు వచ్చేదాకా కూర్చోకూడని సందర్భాలూ ఉన్నాయి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకడం. ఉన్నట్టుండి మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. ఊపిరాడకపోవడం. పాలు మానేసి వాలిపోయిన పసిబిడ్డ. గర్భిణికి రక్తం కనబడటం, తలనొప్పితో కళ్లు మసకబారడం. పక్షవాతానికి రక్తపుగడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ గంటలు మన ఓపీ హాల్లో కరిగిపోకూడదు. “అందరూ లైన్లోనే ఉన్నారుగా, బాగుండదు” అని ఊరుకునేది మర్యాదస్థులే, నష్టపోయేదీ వాళ్లే. అలాంటప్పుడు లేచి కౌంటర్లో గట్టిగా చెప్పండి. అక్కడ అత్యవసర వైద్యం లేకపోతే 108కి ఫోన్ చేయండి. పక్కన కూర్చున్న మనం కూడా “నా నంబరు ముందండీ” అనకుండా దారివ్వాలి. హాల్లో ఇంకో జాగ్రత్త కూడా: దగ్గుతున్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, ఏసీ లేని హాలైతే కిటికీలు తీయించాలి. నొప్పులకని వెళ్లి జ్వరం తెచ్చుకోవడం దేనికి?

ఈసారి చీటీ తీసుకునేటప్పుడు కౌంటర్లో నెమ్మదిగా ఒక మాట అడగండి: “అమ్మా, ఈ నంబరు ఎన్నింటికి రావచ్చు?” ఒకరడిగితే విసుక్కోవచ్చు. రోజూ పదిమంది అడిగితే వాళ్లే బోర్డు తగిలిస్తారు. లోపలికెళ్లాక మీ జబ్బు సంగతి అయ్యాక డాక్టరు గారికీ చెప్పండి, బయట ఎంతమంది ఎప్పటినుంచి కూర్చున్నారో. తలుపు మూసుకున్న గదిలో ఉన్నవారికి ఆ సంగతి చాలాసార్లు తెలియనే తెలియదు.