ఎకారపు ప్రాణులు

తెలుగు పిల్లలు పలక పట్టిన కొత్తలో నేర్చుకొనే మాటలలో చాలా వరకు ప్రాణుల పేర్లే. ఆకారానికి ఆవు, ఈకారానికి ఈగ, ఉకారానికి ఉడుత, ఎకారానికి ఎలుక, ఏకారానికి ఏనుగు, ఒకారానికి ఒంటె. అక్షరం వచ్చిన తరువాత ఆ మాటల వైపు ఎవరూ తిరిగి చూడరు. కాని వాటిలో ఒక్క అక్షరాన్ని తీసుకొని, దానితో మొదలయ్యే ప్రాణులను ఒకచోట చేర్చి చూస్తే, ఆ భాష మాట్లాడే జనుల జీవనం ఎలా సాగిందో, ఇప్పుడు ఎటు సాగుతున్నదో తెలుస్తుంది. అందుకు హ్రస్వమైన ఎకారం మిక్కిలి అనువైన అక్షరం.

సంస్కృత భాషలో దీర్ఘమైన ఏకారమే కాని హ్రస్వమైన ఎకారం లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగునకు చెప్పిన ముప్పదియారు వర్ణాలలో అది ఉన్నది. సంస్కృతానికి చెప్పిన ఏబది వర్ణాలలో లేదు. కనుక సంస్కృతం నుండి యథాతథంగా వచ్చిన మాట ఏదీ ఎకారంతో మొదలుకాదు. ఎద్దు, ఎనుము, ఎలుక, ఎండ్రకాయ, ఎలుగుబంటి అనేవి తెలుగువారు తమ కళ్ళతో చూసి, తమ నోటితో పెట్టుకొన్న పేర్లు. వృషభం, మహిషం, మూషికం, కర్కటం, భల్లూకం అనే మాటలు కావ్యాలలోను, పంచాంగాలలోను కనిపిస్తాయి. పొలం గట్టు మీద మాత్రం వినిపించేవి ఎకారపు మాటలే. సోదర భాషలు కూడ ఈ సంగతికి సాక్ష్యం పలుకుతున్నవి. తమిళులు ఎలుకను ఎలి అని, ఎనుమును ఎరుమై అని అంటారు. కన్నడిగులు ఎద్దును ఎత్తు అని, ఎనుమును ఎమ్మె అని అంటారు.

ఈ ప్రాణులలో నాలుగింటిని ఒక్క వరిమడి చుట్టూ చూడదగిన ప్రాంతం నల్గొండ జిల్లాలోని నిడమనూరు. అది నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనిది. 1955 డిసెంబరు 10న పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. అంతకుముందు ఆ నేలకు వానలు, చెరువులు, బావులే ఆధారం. కాలువ నీరు వచ్చిన తరువాత మెట్టచేలు వరిమళ్ళయినవి. పొరుగున ఉన్న మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందింది. నేల తీరు మారినప్పుడు ఆ నేలనంటి బ్రతికే ప్రాణుల గతి కూడ మారక తప్పలేదు.

మొదట చెప్పవలసినది ఎద్దు. కాలువకు ముందు మోటబావి నుండి నీరు తోడినది ఎద్దులే. నాగలి లాగినవి, బండి మోసినవి, కళ్ళంలో గింజలు రాల్చినవి కూడ అవే. జ్యేష్ఠమాసంలో వచ్చే ఏరువాక పున్నమినాడు రైతు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పూజించి నాగలి కట్టేవాడు. కాడికి ఎడమవైపు నడిచేది దాపటెద్దు, కుడివైపు నడిచేది వలపటెద్దు. ఏ ఎద్దు ఏ వైపు నడవాలో రైతుకే కాదు, ఎద్దుకు కూడ తెలుసు. నేడు దుక్కి ట్రాక్టరుది, కోత యంత్రానిది. కొట్టాలు ఖాళీ అయినవి. ఎద్దు మేతకని వాములుగా వేసిన వరిగడ్డికి అనేక చోట్ల పొలంలోనే నిప్పు పెడుతున్నారు. అయినా మాట పోలేదు. మధ్యలో పని విడిచిన వానిని కాడి పడవేశాడని అంటున్నాం. విలువ తెలియని వానిని చూసి ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని నవ్వుతున్నాం. కాడిని ఎన్నడూ చూడని వారి నోట కూడ ఆ పలుకుబడి నిలిచి ఉన్నది. అయితే దాపట, వలపట అనే మాటలు ఆ జోడుతోనే వెళ్ళిపోతున్నవి.

ఎనుము కథ దీనికి విరుద్ధం. ఆ ప్రాణి నిడమనూరు వీధులలో నేటికీ నడుస్తున్నది, పాలు ఇస్తున్నది, మధ్యాహ్నం కాలువ నీటిలో మునిగి సేద తీరుతున్నది. పోయినది పేరు. తెలంగాణలో దానిని బర్రె అని, కోస్తాలో గేదె అని పిలుస్తారు. రాయలసీమ పల్లెలలో మాత్రం ఎనుము అనే మాట ఇంకా వాడుకలో ఉన్నది. ఒక ప్రాంతంలో పాతబడిన మాట మరొక ప్రాంతంలో సజీవంగా ఉండవచ్చుననడానికి ఇది మంచి నిదర్శనం. మాండలికాలను చులకన చేయరాదని పెద్దలు చెప్పడానికి ఇదొక కారణం.

ఎలుకకు ఇటువంటి ఇబ్బంది ఏదీ లేదు. పేరూ నిలిచింది, ప్రాణీ నిలిచింది. దాని ముందరి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కనుక ఏదో ఒకటి కొరకక తప్పదు. పొలంలో తిరిగే పందికొక్కు జాతి ఎలుక వరికంకులను కొరికి బొరియలోనికి మోసుకొనిపోయి నిలువ చేసుకొంటుంది. దానిని అదుపులో ఉంచేవి గుడ్లగూబ, జెర్రిపోతు. మనిషి మొదటిదానిని అపశకునమని తరిమాడు. రెండవదానిని పాము అన్న ఒక్క భయంతో కొట్టి చంపాడు. ఆ తరువాత ఎలుకలు పెరిగినవని విచారించాడు.

ఎండ్రకాయ వరిమడి గట్టులో బొరియ చేసుకొంటుంది. ఆ బొరియ గుండా మడిలోని నీరు జారిపోతుంది. ఒక్కొక్కసారి గట్టుకు గండి పడుతుంది. అందుచేత రైతుకు దాని మీద కోపం. అయినా కూలికి వచ్చిన వారికి అది ఒక పూట కూర. తేమ నేలకు తోడుగా బ్రతికే ఈ చిన్న ప్రాణి, పొలంలో పోసే పురుగుమందులకు తట్టుకోలేదు.

ఇక మిగిలినది ఎలుగుబంటి. తెలంగాణ పల్లెలలో దానిని గుడ్డెలుగు అని కూడ అంటారు. అది వరిమడి ప్రాణి కాదు. నాగార్జునసాగర్ దాటి నల్లమల అడవులకు పోవాలి. పై దవడలో ముందరి పళ్ళు రెండు లేకపోవడం దాని ప్రత్యేకత. పుట్టను గోళ్ళతో తవ్వి, ఆ సందు గుండా చెదపురుగులను పీల్చుకొని తింటుంది. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద ఎక్కించుకొని తిరుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. కాని చట్టం వేటగానిని ఆపగలదే కాని, తరిగిపోయిన అడవిని తిరిగి మొలిపించలేదు.

ఈ విధంగా ఎకారం కింద నిలిచిన ఐదు ప్రాణులది ఐదు తీరుల గతి. ఒకదాని పేరు మిగిలి, ప్రాణి తరుగుతున్నది. మరొకదాని ప్రాణి మిగిలి, పేరు వాడుక తప్పింది. ఒకటి పొలంలో మందుల పాలయింది. ఒకటి అడవిలో అంచుకు చేరింది. వాచకం ఎంచుకొన్న ఎలుక ఒక్కటే రెండు విధాలా క్షేమంగా ఉన్నది; ఎవరి రక్షణా అక్కరలేనిది కూడ అదే.

పేరు పోతే ప్రాణి గురించి తరతరాలు కూడబెట్టిన తెలివి పోతుంది. ప్రాణి పోతే పేరు నిఘంటువులో అర్థం చూసుకోవలసిన మాట అవుతుంది. ఈ రెండింటినీ ఎరిగిన తరం నేడు పల్లెలలో వృద్ధాప్యంలో ఉన్నది. దాపటెద్దు ఏదో, వలపటెద్దు ఏదో, వాటిని ఏయే పేర్లతో పిలిచారో తాతలు, నాయనమ్మలు ఇంకా చెప్పగలరు. విద్యార్థులు సెలవులలో ఇంటికి పోయినప్పుడు వారిని అడిగి ఆ మాటలను వ్రాసి ఉంచుకోవాలి. అది భాషకు చేసే సేవ మాత్రమే కాదు. ఆ ప్రాణులకు తీర్చవలసిన ఋణం కూడ.