అమ్మకొకటి, నాన్నకొకటి

ఏమండోయ్, మీ పెళ్లి ఫోటో ఎక్కడుంది? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. మీ అబ్బాయో అమ్మాయో అమెరికాలో పౌరసత్వం పుచ్చుకున్నారా? అయితే ఇవాళో రేపో ఆ ఫోన్ వచ్చేస్తుంది. "అమ్మా, మీ ఇద్దరికీ గ్రీన్‌కార్డుకి పెట్టేస్తున్నా!" ఇక అటక మీది ట్రంకు పెట్టెలన్నీ కిందికి దిగాల్సిందే. కాగితాల గొడవని అందరూ విసుక్కుంటారు గానీ, నాకైతే ఈ తతంగం మహా ఇష్టం. ఇంత వినోదం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

పెళ్లి సంగతే చూడండి. నలభై ఏళ్ల కిందట మూడు ముళ్లు పడ్డాయి, ఊరంతా భోంచేసి వెళ్లింది, సర్టిఫికెట్ ఎవడడిగాడు? ఇప్పుడడుగుతున్నారు. దాంతో మనవలున్న దంపతులు సాక్షుల్ని వెంటేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి బయల్దేరతారు. బెంచీ మీద పక్కన నిన్నగాక మొన్న పెళ్లయిన కుర్రజంట. ఈవిడ ఆ పిల్ల చేతి గోరింటాకు చూసి మురిసిపోతుంటుంది. ఈయనేమో ఆ కుర్రాణ్ణి "మీదీ వీసా కోసమేనా బాబూ?" అని ఆరా తీస్తుంటాడు. శుభలేఖ ఉందా అంటాడు గుమస్తా. ఎందుకు లేదూ! మూలలకి పసుపు రాసినది, ఇత్తడి సామాను అడుగున నలభై ఏళ్లు నలగకుండా ఉంది.

ఇక పేర్లు. అబ్బో, అదో భారతం! పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. ఆధార్‌లో మెట్టినింటిది పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే చివరికి పోతుంది. ఒక కాగితంలో వెంకట సుబ్బలక్ష్మి, ఇంకోదాంట్లో వి.ఎస్. లక్ష్మి. వీళ్లిద్దరూ ఒకరేనని స్టాంపు పేపరు మీద నోటరీ చేయించాలి. 'వన్ అండ్ ది సేమ్ పర్సన్' అఫిడవిట్ అంటారు దాన్ని. అది చదివి మొగుడుగారు, "పోనీలే, ఇన్నాళ్ల నా అనుమానం తీరింది" అంటే ఆ పూట కాఫీ అందుతుందా అసలు?

పుట్టినరోజు గొడవ వేరే. బళ్లో చేర్చుకున్న రోజు మాస్టారు తనకి తోచిన తేదీ రాసేశారు. జూలై 1న పుట్టిన తాతలు మన ఊళ్లలో ఎంతమందో, కనుక్కోండి! అసలుదేమో 'గాలివాన వచ్చిన ఏడు, కార్తీకమాసం'. జననాల రిజిస్టరులో పేరు దొరక్కపోతే, లేదని పంచాయతీ వాళ్లు రాసివ్వాలి. ఆ పైన పుట్టుక ఎరిగిన పెద్దవాళ్లు అఫిడవిట్ ఇవ్వాలి. డెబ్బై ఏళ్లాయన పుట్టుక ఎరిగినవాళ్లు ఎవరు మిగిలుంటారండీ? ఏ మేనత్తో ఉండాలి. ఆవిడ సంతకం ఊరికే పెడుతుందా? మంత్రసాని పేరు దగ్గర్నుంచి మొదలెట్టి, బారసాలకి ఎవరెవరు అలిగారో చెప్పాకగానీ పెన్ను పట్టదు.

ఇక అసలు అర్జీ. కన్నవాళ్లకి గ్రీన్‌కార్డుకి పెట్టాలంటే పిల్లలు పౌరులై, 21 ఏళ్లు నిండి ఉండాలి. ఉత్త గ్రీన్‌కార్డు చాలదు. నింపాల్సింది ఫారం ఐ-130. అమ్మకొకటి, నాన్నకొకటి, ఫీజూ విడివిడిగానే. సత్యనారాయణ వ్రతంలా దంపతులకి ఒకే టికెట్టు కుదరదు.

ఐ-864 అని ఇంకో ఫారం ఉంది. అదంటే నాకు ప్రాణం! పేదరికపు గీతలో 125 శాతానికి తగ్గకుండా రాబడి ఉందని, కన్నవాళ్ల భారం నాదేనని పిల్లలు సంతకం పెట్టాలి. అమ్మానాన్నలు పౌరులయ్యేదాకానో, అక్కడ పదేళ్ల పని లెక్క చూపించేదాకానో ఆ మాట చెల్లుతుంది. కొడుకు చేత ఇంత గట్టిగా రాయించుకోవడం మన పెద్దమనుషుల పంచాయతీలకి కూడా చేతకాలేదు. నకలు తీసి దాచుకోండి, మొహమాటపడకండి.

హైదరాబాదులో నానక్‌రాంగూడ దగ్గర అంత పెద్ద అమెరికా కాన్సులేటు కట్టారా, ఈ వీసా ఇంటర్వ్యూకి మాత్రం ముంబయి పోవాలి. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి రైలెక్కడమే. అంతకుముందే కాన్సులేటు వాళ్లు చెప్పిన డాక్టరు దగ్గర టీకాలు. మనవడికి ధైర్యం చెప్పే తాత, సూది చూసి ఎలా మొహం తిప్పుకుంటాడో చూడాలి!

ఒక్కటి మెచ్చుకోవాలి. అమ్మానాన్నల వీసాలకి ఏటా ఇన్నేనన్న లెక్క లేదు. తోడబుట్టినవాళ్లకే వచ్చింది తంటా. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000, అందులో ఒక్కో దేశానికీ మళ్లీ పరిమితి. మనవాళ్ల వరస ఈమధ్య 2006లో పెట్టిన అర్జీల దగ్గర నడుస్తోంది. తమ్ముడి పెళ్లికి ముందు అక్క అర్జీ పెడితే, వంతు వచ్చేసరికి అతను కూతురికి సంబంధాలు చూస్తుంటాడు. "ఇప్పుడెందుకులే అక్కా" అంటే ఆవిడకి కోపం రాదూ?

అన్నిటికన్నా నవ్వొచ్చేది హెచ్-1బి ఉద్యోగ వీసా మీదున్న నాన్నల సంగతి. ఉద్యోగం మీద పెట్టిన గ్రీన్‌కార్డు కదలదు. ఈలోగా అక్కడే పుట్టి పౌరుడైన పిల్లాడు పెరిగిపోతుంటాడు. వాడికి 21 నిండాయంటే నాన్నకి వాడే స్పాన్సరు కావచ్చు! కార్డు ముందా, వాడి పుట్టినరోజు ముందా అని పందేలు కాసుకుంటున్నారట. ఎనిమిదో తరగతిలో వాడికి లెక్కల్లో మార్కులు తగ్గినా గట్టిగా కసరడానికి జంకుతున్నారు. మరి రేపు ఐ-864 మీద సంతకం పెట్టాల్సింది వాడేనాయె!