నేను వేసిన సున్నా

2000 సంవత్సరంలో రెండు సంగతులు జరిగాయి. 2015 కల్లా ప్రతి బిడ్డా ప్రాథమిక విద్య పూర్తి చేయాలని ఐక్యరాజ్యసమితిలో ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. అదే ఏడాది మన ఉమ్మడి రాష్ట్రంలో జీవో నెంబరు 3 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్నది. మైదానం నుంచి వచ్చిన మాస్టార్లు చాలామంది కొండ మీద నిలబడేవారు కాదు. డీఎడ్ చేసిన నాకు ఉద్యోగం ఆ జీవో వల్లనే వచ్చింది.

పాడేరు ఏజెన్సీలో మాది కోందుల ఊరు. ఇంట్లో కువి మాట్లాడతాం, బడిలో తెలుగు చదువుతాం.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాస్యులు నూటికి 73 మంది. కేరళలో 94 మంది, బీహారులో 62 మంది. దేశంలోని ఆదివాసుల్లో 59 మందే. ఇంత పెద్ద దేశానికి ఒక్క సగటు తీస్తే అందులో మనం కనిపించం. ఈ మాట మీటింగుల్లో నేను చాలాసార్లు చెప్పాను. కానీ మనం కనిపించకుండా పోయేది ఎక్కడ మొదలవుతుందో నా చేతిమీదుగానే తెలిసింది.

ఒకసారి బడి బయట ఉన్న పిల్లల సర్వే కాగితం నింపుతున్నాను. మా ఊళ్లో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఉంది. పేరు ఆశ్రమ పాఠశాల రిజిస్టరులో ఉంది, పిల్ల మాత్రం ఇంటి దగ్గరే ఉంది. తల్లి కాఫీ తోటలో కూలికి పోతే తమ్ముణ్ణి చూసుకునేది ఆ పిల్లే. రిజిస్టరులో పేరుంది కదా అని సున్నా వేసి సంతకం పెట్టాను. ఒకటి వేస్తే ఎందుకని అడుగుతారు. మళ్లీ కాగితాలు, మళ్లీ మీటింగులు.

మర్నాడు గెడ్డ దగ్గర ఆ పిల్ల ఎదురైంది. చంకలో తమ్ముడు. "మాస్టారూ, నా పేరు రాసుకున్నారా?" అని మా భాషలో అడిగింది. నాకు నోరు రాలేదు.

2030 కల్లా చేరుకోవాలని మన దేశం ఒప్పుకున్న లక్ష్యాలు 17. ఎవరినీ వెనక వదిలిపెట్టకూడదన్నది వాటన్నిటికీ మూలమైన మాట. లెక్కలోనే లేని పిల్లను వదిలిపెట్టామని ఎవరికి తెలుస్తుంది?

కాగితం వెనక్కి తెచ్చుకుని సున్నా కొట్టేసి 1 వేశాను. కారణం కూడా రాశాను: అంగన్‌వాడీ గెడ్డకు అవతల ఉంది, గెడ్డ మీద వంతెన లేదు. పైనుంచి ఫోను వచ్చింది. "అందరూ సున్నా పంపారు, మీకెందుకు ఒకటి వచ్చింది?" అన్నారు. "పిల్ల ఉంది కాబట్టి వచ్చింది సార్" అన్నాను.

వంతెన ఇంకా రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకుని మా బడికే వస్తోంది. వాడు వరండాలో గోనెపట్టా మీద నిద్రపోతాడు. వాడు ఏడిస్తే ఆమె పాఠం ఆగిపోతుంది.

2020లో సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. ఆ హక్కు తిరిగి కావాలని మనం అడుగుతున్నాం. అడగాల్సిందే. మన బడికి మన మాస్టారే ఎందుకని ఎవరైనా అంటే, మన పిల్లల్లో ఒక్కరిని కూడా లెక్క తప్పనివ్వం అని చెప్పగలగాలి. సున్నా వేసిన రోజున ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు.