ఉరుము, మెఱుపు, పిడుగు

2007 వఱకు కోలారు జిల్లాలో నుండిన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఏడాది పొడవునను పారు నది లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని ఈ నంది కొండల సీమనే పుట్టినను, పెక్కు మాసములు వానిలో ఇసుకయే కనబడును. చెఱువు నిండుటయు, రాగి, వేరుసెనగ విత్తుటయు వానచేతిలోని పనులు. కావున వేసవి మధ్యాహ్నమున మబ్బు క్రమ్మినంతనే మన పల్లెల చెవులు మింటివైపు తిరుగును.

ఆ చెవి ఎంత నిశితమైనదో మన మాటలే చెప్పును. ఉరుము ఉరుమును, మెఱుపు మెఱయును, పిడుగు పడును. ధ్వని ఒకటి, వెలుగు ఒకటి, ప్రాణము తీయునది ఒకటి. ఉరుము పడినదని వాడుకలో అనరు. సంబంధము లేనివానిపై ఒకరి కోపము విరుచుకొని పడినపుడు మాత్రము ‘ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లు’ అని నవ్వుకొందురు. మంగలమనగా గింజలు వేచు మట్టిపెంకు. ధ్వనిలోనను భేదములు కలవు. దూరపు ఉరుము గుడగుడమనును. దగ్గఱి ఉరుము ఫెళ్ళుమనును.

శాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. మెఱుపు పారిన దారిలో గాలి ఇంచుమించు 30,000 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు వేడెక్కి ఒక్కమారుగా వ్యాకోచించును. ఆ ధ్వనియే ఉరుము. మెఱుపుదారి కొన్ని కిలోమీటర్ల పొడవుండుటచే, దాని వేర్వేరు భాగముల ధ్వని వేర్వేరు క్షణములలో మనలను చేరును. దూరపు ఉరుము దొరలుచున్నట్లు సాగుట అందువలననే. ధ్వని కిలోమీటరు నడచుటకు సుమారు 3 సెకండ్లు పట్టును. మెఱుపునకును ఉరుమునకును నడుమ 30 సెకండ్లకు తక్కువయైనచో, అది 10 కిలోమీటర్ల లోపలనే మెఱసినది. పొలమునగాని చింతచెట్టు క్రిందగాని నిలువక గట్టి ఇల్లు చేరవలెను. చివరి ఉరుము వినబడిన పిదప అరగంట వఱకు వెలుపలికి రారాదు. ఉరిమినపుడు మన పెద్దలు పిల్లలచే అర్జునుని పేర్లు చెప్పించిరి. దానిచే భయము తగ్గును, పిడుగు తగ్గదు. ఆ పేర్లను ఇంటిలో కూర్చుండియే చెప్పుకొందము.

కన్నడమునను ఇట్టి విభాగమే కలదు: గుడుగు, మించు, సిడిలు. గుడుగు మన గుడగుడకు చుట్టమువలె వినబడును. మించు మన కావ్యభాషలోను మెఱుపునకు పేరే. ఎల్లకావల అనంతపురము సీమలో ఉరుము అను జానపద వాద్యము కలదు. కన్నడిగులు ఉరుమె యందురు. చర్మముపై పుల్ల రాచినపుడు అది మబ్బువలె మూలుగును. చింతామణి తాలూకాలోని కైవారపు తాతయ్య నారాయణప్పగారు రెండు భాషలలోను తత్త్వములు చెప్పిరి. ఇట్టి సీమలో ఒక భాష నేర్చుటకు మఱియొకటి విడువ నక్కఱలేదు.

అయినను నేడు మన ఇండ్లలో అవ్వకు తెలుగు. మనుమనికి బడిలోని కన్నడము, ఆంగ్లము. పిడుగుల హెచ్చరిక చేతి ఫోనునకు కన్నడమున వచ్చును. ఈ రాష్ట్రపు భాషలో వచ్చుట న్యాయమే. కాని బీడులో మేకలు మేపుచున్న అవ్వకు, ‘అవ్వా, పిడుగు పడుతుందంట, మేకల్ని తోలుకొని వచ్చెయ్’ అని చెప్పవలసినవాడు ఆ మనుమడే. ఆ మాట వానికి రానిచో హెచ్చరిక ఫోనులోనే నిలిచిపోవును. భాషాభిమానమును గూర్చి సభలలో మనము పెక్కు చెప్పుకొనుచున్నాము. తొలి ఉరుము ఉరిమిన నాడు పిల్లలను ఇంటిలో చేర్చి, సెకండ్లు లెక్కింపజేసి, ఆ ధ్వనికి మన మాటయు ఇరుగుపొరుగువారి మాటయు చెప్పించినచో, ఆ అభిమానమునకు కొంత ప్రయోజనము కలుగునని మేము తలంచుచున్నాము.